సరుగుడు కోత బళ్లకి, రంపం మిషన్లకి ఈ రిపేరు షెడ్డు ఎలా ఉందంటే

రావులపాలెం నుంచి అమలాపురం వెళ్లే రోడ్డులో కొబ్బరి చెట్ల వెనక ఉంటుంది, బోర్డు సరిగ్గా కనపడదు, దారి అడుగుతూ వెళ్లాల్సిందే. మాది సఖినేటిపల్లి వైపు సరుగుడు కోత. తోటలో కొట్టిన కర్రని ట్రక్కుల్లో, అంటే ట్రాక్టరు వెనక తగిలించే తొట్టి బళ్లలో, రోడ్డు దాకా తెచ్చి రాజమండ్రి పేపరు మిల్లుకి వెళ్లే లారీలకి ఎక్కిస్తాం. ట్రక్కులూ, కోత మిషన్లూ రెండూ తెలిసిన మేస్త్రి మా దగ్గర్లో లేడు, అందుకే ఇంతదూరం.

మన ట్రక్కుల్లో చాలావాటికి బ్రేకులే ఉండవు. పచ్చి సరుగుడు బరువు తెలిసిందే కదా, లోడుతో ఏటిగట్టు దిగుతూ ట్రాక్టరు బ్రేకు గట్టిగా తొక్కితే వెనకున్న ట్రక్కు ఆగకుండా ముందుకి నెట్టుకొస్తుంది, బండి అడ్డం తిరిగి కాలవలో పడేది అప్పుడే. ఇక్కడ మేస్త్రి అన్నిటికన్నా ముందు ట్రక్కుని ట్రాక్టరుకి తగిలించే హుక్కు పిన్ను చూస్తాడు. మాది బయటికి లాగి, మధ్యలో అరిగి సన్నబడినచోట వేలితో తడిమి చూపించి, "ఇది మార్చకుండా బండి ఇవ్వనండి" అనేశాడు. కొత్త పిన్ను వేసి, అది ఊడినా ట్రక్కు విడిపోకుండా పక్కన గొలుసు కూడా బిగించాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టిన కమాన్ కట్టలు విప్పి, చక్రాలు జాకీ మీద లేపి ఊపి చూసి, ఆట ఉన్న బేరింగు మార్చాడు.

నాకు బాగా నచ్చింది లైట్ల పని. 216 హైవే మీద చించినాడ వంతెన దగ్గర రాత్రిపూట చూడండి, బయటికి పొడుచుకొచ్చిన కర్రల కింద వెనక లైట్లు ఎవరికీ కనపడవు, వచ్చేవాడికి కర్ర కొసలు మొహం మీదకొచ్చాకే తెలుస్తుంది. తొట్టి దాటకుండా కోయించి వేసుకోండి అని ముందు చీవాట్లు పెట్టాడు, తర్వాత లైట్లు బయటి అంచులకి జరిపి, వెనక ఎర్ర రేడియం, పక్కల పసుపుది అంటించాడు.

రంపం మిషన్లకి వస్తే, అంతకుముందు పట్నంలో ఒక డీలరు సర్వీసు చేశామని డబ్బులు తీసుకుని రంపం గొలుసుని పట్టుకునే కొక్కెం విరిగిపోయి ఉన్నా అలాగే ఇచ్చేశాడు. గొలుసు తెగితే చేతి మీదకి రాకుండా ఆపేది అదే! ఇక్కడ అది మార్చి, మా ఎదురుగానే మిషన్ తిప్పి చెయిన్ బ్రేకు ముందుకి తోశాడు, గొలుసు టక్కున ఆగింది. తర్వాత రంపం కొసని పాత పేపరు మీదకి పెట్టి రేజ్ చేస్తే ఆయిలు గీత పడింది, అంటే గొలుసుకి ఆయిలు అందుతున్నట్టు. మా చిన్న మిషన్‌కి గొలుసు పదునుకి 4 మి.మీ. ఆకురాయి వాడమని, లీటరు పెట్రోలుకి కంపెనీ టూ స్ట్రోక్ ఆయిలు 20 మి.లీ. కొలిచి పొయ్యమని మా కుర్రాళ్లకి చెప్పాడు. వాళ్లు మూతతో అంచనాగా పోసే రకం.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. రేపు ఇస్తానంటే ఎల్లుండి అనుకోండి. బిల్లు అడిగితేనే రాస్తాడు. డూప్లికేట్ పార్టులు కూడా పెడతాడు, ఒరిజినలా కాదా అని ముందే అడగండి, అడిగితే మాత్రం నిజమే చెప్తాడు. చార్జీ కాస్త ఎక్కువే, అయినా నేను ఇక్కడికే వస్తాను. అంతర్వేది కల్యాణం రోజుల్లో మాత్రం బండి తేకండి, ఆ ట్రాఫిక్‌లో ట్రాక్టరు కదలదు, షెడ్డులో కుర్రాళ్లు కూడా తీర్థానికి పోతారు.