పేచీ ఎయిర్ లాకర్‌తో కాదు, దాని దీపంతో

ఓపెన్ డిఫరెన్షియల్ ఎక్కడ చేతులెత్తేస్తుందో, లాకర్ ఎందుకు అవసరమవుతుందో ఈ సమీక్ష చదివేవారిలో ఎక్కువమందికి తెలిసే ఉంటుంది కనుక ఆ పాఠం ఇక్కడ ఒక్క ముక్కలోనే చెబుతాను: డిఫరెన్షియల్ అంటే యాక్సిల్ రెండు చివర్ల చక్రాలను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఒక చక్రం గాలిలో లేస్తే అదే ఊరికే తిరిగి రెండోది ఆగిపోతుంది, లాకర్ ఆ రెండింటినీ కలిపి బిగిస్తుంది. నా బండికి ముందూ వెనకా సాలిడ్ యాక్సిళ్లే (రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి ఇరుసు). వెనక డిఫరెన్షియల్‌కు గాలి ఒత్తిడితో పనిచేసే లాకర్ వేయించి కొన్నేళ్లయింది. ముందుదానికి ఆ తర్వాత వేయించాను. ఈ బండికి చేయించిన మార్పుల్లో వెనక లాకర్ ఇచ్చినంత తృప్తి మరేదీ ఇవ్వలేదు. అయినా డ్యాష్‌బోర్డు స్విచ్చులో వెలిగే చిన్న దీపం మీద నాకున్న కోపం మాత్రం ఇంకా చల్లారలేదు. లాకర్ పడిందో లేదో ఆ దీపానికి తెలియదు. స్విచ్ నొక్కారన్న సంగతి ఒక్కటే దానికి తెలుసు.

ముందుగా తృప్తి సంగతి. లాకర్ అనగానే బురదలో దిగబడిన బండిని బయటకు లాగే సాధనమని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం దాని విలువ రాళ్ల దారిలో, అదీ నిదానంగా పోయేటప్పుడు తెలిసింది. ముందు ఒక పక్క చక్రం, వెనక రెండో పక్క చక్రం ఒకేసారి నేలను వదిలే చోట, లాకర్ లేని బండిని ఊపుతో దాటించడం తప్ప దారి ఉండదు. ట్రాక్షన్ కంట్రోల్ ఉన్న బండిలోనైనా మొదట చక్రం జారాలి, ఆ జారుడును సెన్సర్ పసిగట్టాలి, ఆ తర్వాతే ఆ చక్రానికి బ్రేకు పడాలి. ఆలోగా టైరు రాతి మీద గీసుకుపోతుంది, బండి అనుకున్న గీత నుంచి పక్కకు తప్పుతుంది. అదే చోట లాకర్ వేసి, లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే గేర్ల వరుస) మొదటి గేరులో, యాక్సిలరేటర్ మీద కాలు పెట్టకుండా వదిలేస్తే, టైరు అంచు రాతిని పట్టుకుని, రబ్బరు కాస్త అణిగి, ఆ తర్వాత బండి బరువు మెల్లగా పైకి లేవడం సీటులో కూర్చున్నవారికి స్పష్టంగా తెలుస్తుంది. చక్రం గిర్రున తిరగదు కనుక దారి తవ్వుకుపోదు, రాళ్లు వెనక్కి ఎగరవు. వెనక వచ్చే బండికి కూడా అదే దారి మిగులుతుందన్నది నాకు చిన్న విషయంగా అనిపించదు.

స్విచ్ నొక్కగానే పడుతుందని వేయించిన కొత్తలో అడిగినవారందరికీ చెప్పాను. ఇప్పుడైతే అంత సూటిగా చెప్పను. గాలి అందినా, లోపలి గేరు పళ్లు ఒకదాని సందులోకి ఒకటి కుదిరే దాకా చక్రాలు కొద్దిగా తిరగాలి. అందుకే అడ్డంకి ఎక్కడం మొదలుపెట్టాక కాకుండా, ఒక బండి పొడవు ముందుగానే స్విచ్ వేసి నెమ్మదిగా కదలడం మంచిది. తీసేటప్పుడూ అంతే. గట్టి నేల మీద మలుపు తిరుగుతూ యాక్సిల్ షాఫ్టులు మెలిబడి ఉంటే, గాలి వదిలినా గేరు వెంటనే జారి రాదు, స్టీరింగ్ తిన్నగా చేసి బండిని కొంచెం ముందుకో వెనక్కో కదిపితేనే వదులుతుంది. ఇక పక్కకు వాలిన తడి నేల మీద లాకర్ మేలు కన్నా కీడే ఎక్కువ చేస్తుంది. ఓపెన్ డిఫరెన్షియల్‌తో ఒక చక్రం జారినా రెండోది నేలను పట్టుకుని బండి వెనక భాగాన్ని నిలబెడుతుంది. లాకర్ పడి ఉంటే రెండూ కలిసి పట్టు వదిలి, వెనక భాగం మొత్తం పల్లం వైపు జారుతుంది. అలాంటి చోట ఆపేసుకునే వీలు ఉందనే నేను ఆటోమేటిక్ లాకర్‌కు బదులు స్విచ్ ఉన్న రకాన్ని ఎంచుకున్నాను.

ఇప్పుడు దీపం సంగతి. పొడవైన రాతి మెట్ల వాలు ఒకటి ఎక్కుతున్నాం. స్విచ్ వేశాను, దీపం వెలిగింది, బండి మూడో మెట్టు దగ్గర ఆగింది. వెనక ఎడమ చక్రం గాలిలో తిరుగుతోందని, కుడి చక్రం కదలడమే లేదని బయట నిలబడి దారి చూపిస్తున్న మిత్రుడు కేక వేశాడు. నా కళ్ల ముందు దీపం నిలకడగా వెలుగుతూనే ఉంది. గేరు ఇంకా కుదురుకోలేదేమోనని బండిని ముందుకూ వెనక్కూ కదిపి చూశాను. ఫలితం లేకపోయింది. చివరికి ముందున్న బండి వించి (తాడు చుట్టి లాగే యంత్రం) తాడుతో పైకి చేరాం. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ మాత్రం ఆన్‌లో ఉంచినప్పుడు అసలు సంగతి వినిపించింది. లాకర్‌కు గాలి అందించే, ఒత్తిడి చేరగానే ఆగిపోవాల్సిన కంప్రెసర్ ఆగకుండా కొట్టుకుంటూనే ఉంది. ఇంజన్ రొదలో అంతసేపూ ఆ శబ్దం తెలియలేదు.

గాలి గొట్టం ఎక్కడో ఎగ్జాస్టుకు తగిలి కరిగిందని, లేదా యాక్సిల్‌కు రాసుకుని తెగిందని అందరం అనుకున్నాం, ఎందుకంటే ఇలాంటి లాకర్లలో ఎక్కువగా జరిగేది అదే. గొట్టం పొడవునా, అతుకుల దగ్గరా సబ్బు నీళ్లు పోసి చూస్తే ఒక్క బుడగ రాలేదు. అప్పుడు యాక్సిల్ హౌసింగ్ దగ్గర గొట్టాన్ని విప్పి దాని మూతికి బిరడా బిగించి మళ్లీ స్విచ్ వేస్తే కంప్రెసర్ కాసేపు నడిచి ఆగిపోయింది. అంటే పోతున్న గాలి డిఫరెన్షియల్ లోపలే పోతోంది. దానికి రెండో సాక్ష్యం బానెట్ కింద దొరికింది. సోలెనాయిడ్ (లాకర్‌కు గాలిని వదిలి ఆపే కరెంటు వాల్వు) గాలి వదిలే రంధ్రం చుట్టూ గేర్ ఆయిల్ జిడ్డు, దాని మీద దుమ్ము గట్టిగా పేరుకుని ఉంది. స్విచ్ తీసేసిన ప్రతిసారీ లోపలి నూనె గొట్టం వెంట వెనక్కి వచ్చి అక్కడ చిమ్ముతోంది.

మెకానిక్ విప్పి చూపించినప్పుడు తప్పంతా సీల్ హౌసింగ్‌లోని ఒక ఓ-రింగ్‌ది. తిరిగే క్యారియర్‌లోకి (డిఫరెన్షియల్ గేర్లను మోసే పెట్టె) కదలని గొట్టం నుంచి గాలి వెళ్లాల్సిన చోటు అది. రెండు ఓ-రింగులే అక్కడి కాపలా. ఒకటి గట్టిపడి, ఒక పక్క చదునై, సన్నని ఇనుప పొట్టు దిగి గోటితో గీరినట్టు తెగి ఉంది. వేలికి పట్టే ఆ రబ్బరు రింగు మార్చడానికి యాక్సిల్ షాఫ్టులు లాగాలి, నూనె దించాలి, క్యారియర్ బయటికి తీయాలి, తిరిగి పెట్టేటప్పుడు బేరింగుల బిగువు, క్రౌన్ వీల్, పినియన్ అనే జంట గేర్ల మధ్య సందు డయల్ గేజితో మళ్లీ సరిచూడాలి. మిల్లీమీటరులో పదో వంతుల లెక్కలో ఉండే ఆ సందును తేలిగ్గా తీసుకుంటే గేర్లు ఊళ పెట్టడం మొదలుపెడతాయి. కనుక ఎయిర్ లాకర్ నిర్వహణ సులభమని చెప్పేవారితో నేను సగం వరకే ఏకీభవిస్తాను. బయట ఉన్నవన్నీ సులభమే, లోపల ఉన్నదొక్కటి కాదు.

ఓ-రింగ్ అరగడాన్ని నేను తప్పు పట్టను. రబ్బరు వేడికీ నూనెకూ ఎప్పుడో ఒకప్పుడు లొంగుతుంది. దీపాన్ని సోలెనాయిడ్‌కు వెళ్లే కరెంటుతో ముడిపెట్టి, డ్రైవర్‌కు అభయం ఇచ్చినట్టు వెలిగించడమే తప్పు. టయోటా ల్యాండ్ క్రూజర్‌లో ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఎలక్ట్రిక్ లాకర్లలో గేరు నిజంగా కలిసేదాకా దీపం మిణుకుమంటూ ఉండి, కలిశాకే నిలకడగా వెలుగుతుంది. ఆ పాటి మర్యాద విడిగా కొని బిగించే లాకర్లలోనూ ఉండాలి. నేను మాత్రం యాక్సిల్ దగ్గర, సోలెనాయిడ్ దాటిన తర్వాత గొట్టంలో ఒక ప్రెషర్ స్విచ్ పెట్టించి, దానికి వేరే ఆకుపచ్చ దీపం కలిపించాను. గేరు కలిసిందో లేదో అదీ చెప్పదు. గాలి నిజంగా యాక్సిల్ దాకా చేరి నిలిచిందని మాత్రం చెబుతుంది, నాకు ఎదురైన లోపాన్ని అదైతే ముందే పట్టించేది.

ప్రయాణానికి ముందు ఇంటి దగ్గరే చేయదగిన పరీక్ష ఒకటుంది. ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక యాక్సిల్‌ను జాకీతో లేపి స్టాండ్ల మీద ఉంచి, వెనక చక్రాల బ్రేకు వదిలి, గేరులో ఉంచాలి. ఒక చక్రాన్ని చేత్తో తిప్పితే రెండోది ఎదురు దిశలో తిరుగుతుంది. లాకర్ వేశాక అదే చక్రం కొద్దిపాటి ఆటతో ఆగిపోవాలి. ఆ స్థితిలో కాసేపు వదిలేసి, కంప్రెసర్ మళ్లీ మళ్లీ మొదలవుతోందేమో వినాలి.

ముందు యాక్సిల్ లాకర్ గురించి అంత ఉత్సాహంగా చెప్పలేను. అది పడితే స్టీరింగ్ బిగుసుకుపోతుంది, బండి మలుపు తిరగనంటుంది. పైగా పట్టు ఉన్న ఒక్క చక్రం వైపే దాదాపు బలమంతా పోతుంది కనుక, స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ నొక్కితే ముందు షాఫ్టు జాయింటు విరిగే ప్రమాదం ఎక్కువ. నిటారు మెట్టును తిన్నగా ఎక్కేటప్పుడు తప్ప నేను దాన్ని తాకను.

నేను తిరిగేది ఎక్కువగా రాళ్ల దారులు, వెంట ఎప్పుడూ మరో బండి ఉంటుంది, డిఫరెన్షియల్ సెట్టింగ్ తెలిసిన మెకానిక్ అందుబాటులో ఉన్నాడు. ఈ మూడూ ఉన్నవారికి వెనక ఎయిర్ లాకర్‌ను నిస్సంకోచంగా చెబుతాను. ఒంటరిగా దూర ప్రాంతాలకు వెళ్లేవారు, ముఖ్యంగా ఇసుకలోనే తిరిగేవారు, టైర్లలో గాలి తగ్గించుకోవడంతోనే చాలా పని జరుగుతుంది కనుక, కొంత ఆలోచించుకోవచ్చు. నా ముందు యాక్సిల్‌లోని సీళ్లు కూడా ఇప్పుడు పాతవే. అవి కారడం మొదలుపెడితే మార్పించాలా, లేక ఆ లాకర్‌ను తీసేసి ఓపెన్ డిఫరెన్షియల్‌నే తిరిగి పెట్టించాలా అన్నది నేనింకా తేల్చుకోలేదు.