హోప్‌టౌన్ హౌస్: తోట వైపు ఒక ఇల్లు, వాకిలి వైపు మరొకటి

స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో వచ్చే మనవాళ్లు చాలామంది కోట చూసి, మర్నాడే ఉత్తరాన ఉన్న హైలాండ్స్ కొండలకు బస్సెక్కుతారు. ఒక్క పూట వీలైనా దాన్ని ఆ ఊరికి దగ్గర్లోనే ఉన్న హోప్‌టౌన్ హౌస్ అనే పాత ప్రభువుల భవనానికి కేటాయించమని నా సలహా. పాత ఇంటిని పెంచేటప్పుడు ఎంత మార్చాలి, ఎంత ఉంచాలి అనే ప్రశ్నకు ఇంత స్పష్టమైన జవాబు నాకు మరెక్కడా కనిపించలేదు.

అసలు ఇల్లు 1699లో మొదలైంది. ఈ భూముల యజమాని జాన్ హోప్ 1682లో ఓడ మునిగి చనిపోయాక, ఆయన భార్య మార్గరెట్ చిన్నవాడైన కొడుకు చార్లెస్ కోసం దీన్ని తలపెట్టింది. కట్టినవాడు విలియం బ్రూస్. పెరిగి పెద్దవాడై ఎర్ల్ (ఒక ప్రభు బిరుదు) అయిన చార్లెస్‌కు ఆ ఇల్లు చాలలేదు. 1721లో విలియం ఆడమ్ అనే వాస్తుశిల్పిని పిలిపించాడు. 1748లో ఆడమ్ చనిపోయే నాటికి కూడా పని పూర్తి కాలేదు. మిగిలినది కొడుకులు జాన్, రాబర్ట్ చేతికి వచ్చింది. తండ్రి గీసిన స్తంభాల ముఖమండపాన్ని వాళ్లు వదిలేశారు. అది లేకపోవడమే మంచిదయిందని నాకనిపించింది. తూర్పు ముఖం ఇప్పుడు కంటికి అడ్డు లేకుండా ఒక్క ఊపులో సాగిపోతుంది. మధ్యలో ఎత్తయిన భవనం, రెండు పక్కలా వంపు తిరిగిన స్తంభాల వరస, చివర్లలో బురుజుల్లాంటి రెండు కట్టడాలు.

చుట్టూ తిరిగి పడమటి వైపు తోటలోకి వెళితే బ్రూస్ ఇల్లు దాదాపు అలాగే ఉంది. కుదురుగా, ఎవరినీ అదిలించకుండా. ఆడమ్ తలచుకుంటే దీన్నీ కప్పేయగలిగేవాడు. కప్పలేదు. ఆయన మీద నాకున్న గౌరవమంతా అక్కడే.

లోపల తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బ్రూస్ కట్టిన ఎనిమిది పలకల మెట్లగది అంతా చెక్క పనే. అలెగ్జాండర్ ఐజాట్ పైన్ కలపలో పూలు, పండ్లు, గోధుమ కంకులు చెక్కాడు. మా అత్తయ్యగారు వాటిలో బఠాణీ కాయను పట్టుకుని, వేలు ఆనించకుండా దగ్గరగా వంగి, లోపలి గింజల ఉబ్బు కూడా చూపించారు. అక్కడి నుంచి ఆడమ్‌ల గదుల్లోకి అడుగుపెడితే ఎత్తూ, వెలుతురూ, బంగారు పూతా ఒక్కసారిగా మీదికొస్తాయి. పసుపు పట్టు గోడల గదిలోనే 1822లో నాలుగో జార్జి రాజు చిత్రకారుడు హెన్రీ రేబర్న్‌కు సర్ బిరుదు ఇచ్చాడు.

మనకు ఈ ఇంటితో మరో లెక్క ఉంది. క్విట్ ఇండియా నాటి వైస్రాయ్ లిన్‌లిత్‌గో 1887లో పుట్టింది ఇక్కడే. 1939లో మన నాయకులను ఒక్క మాటైనా అడగకుండా దేశాన్ని యుద్ధంలోకి దించినవాడు, 1942లో గాంధీజీని నిర్బంధించినవాడు. ఆ గదుల్లో తిరుగుతుంటే ఇంటి అందాన్ని మెచ్చుకునే మనసూ, ఆ కోపమూ పక్కపక్కనే నడిచాయి. రెండింటిలో దేన్నీ పక్కకు నెట్టలేకపోయాను.

ఇక సౌకర్యాలు. ప్రతి పెద్ద గదిలో ఒక గైడు ఉన్నారు. అడిగితే ఓపికగా చెప్పారు, అడగకపోతే మన మానాన వదిలేశారు. పాత గుర్రపుశాలలోని టీ గదిలో సూపు వేడిగా ఉంది, స్కోన్లు (చిన్న గుండ్రని రొట్టెలు) బాగున్నాయి. కడుపు నిండా శాకాహార భోజనం కావాలంటే మాత్రం డబ్బా కట్టుకెళ్లడమే మేలు. మేడ మీది నుంచి ఫోర్త్ నది మీది వంతెనలు కనిపిస్తాయి. మెట్లు పెద్దవాళ్లకు కష్టం. ఎడిన్‌బరో నుంచి డాల్మెనీకి రైలు దగ్గరే కానీ, ఆ తరవాత మాకు బస్సు దొరకలేదు. టాక్సీకి తిరుగు ప్రయాణం కూడా ముందే మాట్లాడుకోండి. సౌత్ క్వీన్స్‌ఫెర్రీలో మేము దిగిన బసలో 1890 నాటి ఎర్రని రైలు వంతెన కిటికీ నిండా కనిపించింది. కానీ హీటరు రాత్రి పదికల్లా ఆగిపోయేది, చెప్పినా పట్టించుకోలేదు. అత్తయ్యగారు శాలువాలోనే నిద్రపోయారు. చలికి తట్టుకోలేనివారు ఎడిన్‌బరోలోనే ఉండి వెళ్లిరావడం నయం.

పోల్చుకోవడానికి ఎయర్‌షైర్ తీరంలోని కలేన్ కోటకూ వెళ్లాం. అక్కడ విలియం కొడుకు రాబర్ట్ ఆడమ్ 1777 నుంచి తన చివరి రోజుల దాకా పనిచేసి, పాత బురుజు ఇంటిని కొత్త కోట కడుపులో కలిపేశాడు. పాతదేదో వెతుక్కోవాలి. అయితే అండాకారపు మెట్లు చూశాక ఆ ఫిర్యాదు సగం తగ్గింది. ఆనవాయితీని తిరగేసి, కింద ఆకుల చెక్కడాలున్న కోరింథియన్ స్తంభాలు, పైన చుట్టల తలలున్న, మామూలుగా కింద ఉండాల్సిన అయోనిక్ స్తంభాలు పెట్టాడు. చూపు పైకి లాగేసినట్టు సాగుతుంది. సముద్రం మీదికి తెరుచుకున్న గుండ్రని గదిలో ఎంతసేపైనా కూర్చోవచ్చు. 1945లో ఐసెన్‌హోవర్‌కు ఇచ్చిన పై అంతస్తులో అతిథులు బస చేయవచ్చు గానీ, ధర మా స్థోమతకు మించినది.

ఒక్కటే చూసే వీలుంటే హోప్‌టౌన్‌కే వెళ్లండి. ఏడాది పొడవునా తెరిచి ఉండదు, వసంతం నుంచి సెప్టెంబరు దాకానే, కాబట్టి తేదీలు సరిచూసుకోండి. చేరగానే లోపలికి వెళ్లకండి. ముందు తోట వైపు ఇల్లు చూసి, ఆ తరవాత వాకిలి వైపు రండి.