టిషియన్ బొమ్మా, స్ప్రాంగర్ బొమ్మా: ఏది మేలు?

చిత్రకారుల రూపాలను రాగిరేకు మీద చెక్కి అచ్చు తీసిన బొమ్మల్లో ఒక్కదాని ముందే తీరిగ్గా కూర్చోవాలంటే, నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే. అగొస్తీనో కరాచ్చి 1587లో చెక్కిన వెనిస్ చిత్రకారుడు టిషియన్ బొమ్మ ఒకటి, ఎగిడియస్ సాడలర్ 1600లో చెక్కిన స్ప్రాంగర్ ఇంకొకటి.

టిషియన్ బొమ్మలో హంగులేమీ లేవు. టోపీ, గుబురు గడ్డం, బొచ్చు కోటు, ఆ చూపు, అంతే. టిషియన్ 1576లోనే పోయాడు కాబట్టి, ఆయన వేసుకున్న సొంత బొమ్మ ఆధారంగా అగొస్తీనో దీన్ని చెక్కాడు. గీత పనితనం చూడాలంటే మాత్రం దీని దగ్గరికే రావాలి. ఉలిని కాస్త లోతుకు దింపితే గీత లావెక్కుతుంది, పైకి తేలిస్తే సన్నబడుతుంది, ఆ కిటుకుతోనే బొచ్చు ఏదో గడ్డం ఏదో మన కంటికి విడివిడిగా తెలిసిపోతుంది, రంగు చుక్క కూడా లేకుండా! టిషియన్ బతికుండగానే ఆయన చిత్రాలను చెక్కిన కోర్నెలిస్ కోర్ట్ ప్రభావం ఇందులో బాగా కనిపిస్తుంది.

అయినా నా ఓటు స్ప్రాంగర్‌కే.

బార్తొలొమేయస్ స్ప్రాంగర్ ప్రాగ్‌లో రెండో రుడాల్ఫ్ చక్రవర్తి ఆస్థాన చిత్రకారుడు. భార్య క్రిస్టీనా చనిపోయింది. సాడలర్ ఆయన్ని ఒక్కడినే చూపించలేదు, ఆమె ముఖాన్ని కూడా అదే బొమ్మలో సమాధి మీద పెట్టాడు. చుట్టూ కళలకు ప్రతీకలైన స్త్రీలు, కీర్తికి ప్రతీకగా ఒకరు, ఇంకా చాలామంది ఉన్నారు. మొదటిసారి చూస్తే గజిబిజిగా ఉంటుంది, నిజమే. కానీ మృత్యువుకు గుర్తైన అస్థిపంజరం చేతిలోని బాణం ఎటు గురిపెట్టి ఉందో చూడండి: స్ప్రాంగర్ వైపే. ఇసుక గడియారంతో కాలపురుషుడు అడ్డుపడుతున్నాడు, ఇతని వంతు ఇంకా రాలేదని. ఆమె వెళ్లిపోయింది, ఇతను ఇంకా బతకాలి. ఆ బాధంతా ముఖంలో కన్నా చుట్టూ ఉన్న ఈ బొమ్మల్లోనే ఉంది. స్ప్రాంగర్ ఏకాంతంలో కార్చిన కన్నీళ్లను తాను లోకం ముందుకు తెచ్చానని సాడలర్ లాటిన్‌లో చెక్కాడు కూడా.

అలంకారం ఎక్కువైందని దీన్ని పక్కన పెట్టేవాళ్లతో నేను ఒప్పుకోను. ఆ బొమ్మలు తీసేస్తే గడ్డమున్న ఓ పెద్దమనిషి మిగులుతాడు, క్రిస్టీనా ఉండదు. గీత నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం ముందు టిషియన్ గడ్డం దగ్గరే కూర్చోండి.