వెనక చక్రానికి ఆఫ్‌సెట్ రిమ్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

నా సైకిల్ వెనక చక్రానికి రిమ్ మార్చి కొన్నేళ్లయింది. సైకిల్‌తో పాటు వచ్చిన రిమ్ 420 గ్రాములది. తేలికగా, చూడ్డానికి సన్నగా బాగానే ఉండేది. కానీ గేర్ల వైపు, అంటే కుడి వైపు, నిపుల్స్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) దగ్గర చీలికలు వచ్చి పక్కన పెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది అల్యూమినియం ఆఫ్‌సెట్ రిమ్, అంటే స్పోకు రంధ్రాలు ఒక పక్కకి జరిగి ఉండేది, 36 రంధ్రాలది. బరువు 490 గ్రాములని కేటలాగులో రాశారు, కాటా మీద పెడితే 503 తూగింది. ఈ మాత్రం తేడాకి కంగారు పడక్కర్లేదు, రిమ్‌లలో ఇది మామూలే. ఆ మోడల్ ఇప్పుడు రావడం లేదు కాబట్టి పేరు చెప్పినా ఉపయోగం లేదు. కొలతలు చెబితే అలాంటిదే ఇంకొకటి వెతుక్కోవచ్చు.

నా బరువు 80 కిలోల పైనే. వెనక క్యారియర్ మీద రోజూ బ్యాగు, అప్పుడప్పుడు సామాను. రోడ్ల నిండా గుంతలు. క్యాసెట్ (వెనక గేర్ల పళ్లచక్రాల గుత్తి) 11 స్పీడ్, బ్రేకులు రిమ్‌ని పట్టుకునే రకం. మీ వాడకం దీనికి బాగా వేరైతే నా మాటల్ని ఆ మేరకు తగ్గించుకుని చదవండి.

ముందు ఆ చీలికల సంగతి. ఎత్తు ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే కిర్రు కిర్రుమని చప్పుడు. ఇలాంటి చప్పుడు వస్తే ఎవరైనా పెడల్‌నో చెయిన్‌నో అనుమానిస్తారు. రిమ్‌ని తడిగుడ్డతో తుడిచి టార్చి వేసి చూస్తేనే అసలు దొంగ దొరికాడు. నిపుల్ చుట్టూ లోహం కాస్త బయటికి ఉబ్బి ఉంది, ఆ ఉబ్బు అంచు నుంచి వెంట్రుకవాసి గీత ఒకటి రిమ్ పొడుగునా సాగుతోంది. గోరు పెట్టి అడ్డంగా లాగితే తగులుతుంది. గేర్ల వైపు ఇలాంటివి నాలుగు కనిపించాయి. ఎడమ వైపు ఒక్కటీ లేదు.

ఎడమ వైపు ఎందుకు లేదన్నదే రిమ్ ఎంచుకునేటప్పుడు అడగాల్సిన ప్రశ్న. సైకిల్ మీద పడే బరువులో దాదాపు 60 శాతం వెనక చక్రం మోస్తుందని అందరికీ తెలుసు. కానీ ఆ బరువు రెండు వైపులా పడేదే కదా. తేడా చేసేది క్యాసెట్. దానికి చోటు ఇవ్వడం కోసం హబ్ (చక్రం మధ్యలోని ఇరుసు భాగం) కుడి ఫ్లేంజ్‌ని, అంటే స్పోకులు తగిలించే అంచుని, లోపలికి నెడతారు. చక్రం మధ్య గీత నుంచి ఎడమ ఫ్లేంజ్ 36 మి.మీ. దూరంలో ఉంటే, కుడిది 18 మి.మీ. దగ్గరే ఆగిపోతుంది. అందుకే కుడి స్పోకులు దాదాపు నిటారుగా నిలబడతాయి, ఎడమవి ఏటవాలుగా వస్తాయి. రిమ్ మధ్యలో ఉండాలంటే నిటారువి రెట్టింపు గట్టిగా లాగాలి. కుడి వైపు 115 కిలోల టెన్షన్ పెడితే ఎడమ వైపుకి దక్కేది 57, 58 మాత్రమే.

చక్రం తిరిగేటప్పుడు నేలను తాకే చోట స్పోకుల టెన్షన్ ప్రతిసారీ కొంత తగ్గి మళ్లీ పెరుగుతుంది. గట్టిగా ఉన్న వాటికి అది పట్టదు. ఎడమవి అసలే వదులు కావడంతో, గుంతలో పడ్డప్పుడు పూర్తిగా సడలిపోతాయి. నిపుల్ తనంతట తానే తిరిగి వదులవుతుంది, చక్రం బెండ్ అవుతుంది, కొన్నాళ్లకి స్పోకు మెడ దగ్గర తెగుతుంది. బెండ్ తీసేవాళ్లు ఏం చేస్తారు? ఎడమవి బిగుసుకోవాలని మొత్తం చక్రాన్నే ఇంకాస్త బిగిస్తారు. దాంతో కుడి టెన్షన్ హద్దు దాటి పోతుంది. 420 గ్రాముల రిమ్‌లో స్పోకు రంధ్రం చుట్టూ ఉన్న పలుచటి గోడ ఎన్నాళ్లని ఓర్చుకుంటుంది?

ఆఫ్‌సెట్ రిమ్‌లో రంధ్రాలు మధ్యలో ఉండవు, ఎడమ వైపుకి జరిగి ఉంటాయి. వెలాసిటీ కంపెనీ వీటిని ఓ/సి అంటుంది, ఇంకొందరు అసిమెట్రిక్ అంటారు, సరుకు ఒకటే. నా రిమ్‌లో ఆ జరుగుడు 3 మి.మీ. వినడానికి ఏమంత అనిపించదు. లెక్క వేసి చూడండి: కుడి వైపు 18 కాస్తా 21 అయింది, ఎడమ వైపు 36 కాస్తా 33 అయింది. ఎడమ టెన్షన్ కుడి దానిలో సగం ఉండేది ఇప్పుడు దాదాపు 64 శాతం. కుడి 115 దగ్గరే ఉంచి, ఎడమ 73 దాకా తీసుకెళ్లొచ్చు. రిమ్ మీద అదనపు భారం ఏమీ లేకుండానే.

దీన్ని చెవితో కూడా పట్టొచ్చు. పాత చక్రంలో ఎడమ స్పోకుని వేలితో మీటితే మొద్దుగా పలికేది, కుడిది సన్నగా మోగేది. ఇప్పుడు ఆ రెండు శబ్దాల మధ్య ఎడం బాగా తగ్గింది. బిగించిన కొత్తలో ఒకసారి సరిచేశాక బెండ్ తీయాల్సిన అవసరం చాలా అరుదుగా వచ్చింది. స్పోకు ఒక్కటీ తెగలేదు. నిపుల్స్ చుట్టూ ఇప్పటికీ టార్చి వేసి చూస్తుంటాను, గీతలేమీ లేవు. దీనికి కారణం రిమ్ ఒక్కటే అనను. స్పోకులు మధ్యలో సన్నబడిన 2.0-1.8-2.0 మి.మీ. రకం. సన్నటి స్పోకు ఎక్కువ సాగుతుంది కాబట్టి త్వరగా సడలదు. ఆశ్చర్యంగా ఉన్నా ఇది నిజం: ఒకే మందంలో ఉండే లావు స్పోకుల కంటే ఇవే ఎక్కువ కాలం వస్తాయి.

మరి కేటలాగు లెక్కన ఆ అదనపు 70 గ్రాములు? రిమ్ దగ్గర బరువు సైకిల్ వేగం పుంజుకునేటప్పుడు రెండింతలు లెక్కకి వస్తుంది, ఎందుకంటే అది ముందుకీ పోవాలి, తిరగనూ తిరగాలి. అంటే 140 గ్రాములు, ఒక చిన్న గ్లాసుడు నీళ్లు. మనిషి, సైకిల్, బ్యాగు కలిసి వంద కిలోలు దాటిన చోట దాన్ని కాళ్లు గుర్తుపట్టవు. చదును రోడ్డు మీద ఒకే వేగంతో పోతున్నప్పుడైతే ఆ తేడా కూడా లేదు. పోటీల్లో పాల్గొనే సన్నటి మనిషికి ఈ మాట వర్తించకపోవచ్చు.

బరువు పెట్టదలిస్తే రిమ్‌లోనే పెట్టాలని కూడా లేదు. 32 బదులు 36 స్పోకులు వేస్తే స్పోకులు, నిపుల్స్ కలిపి పెరిగేది 30 గ్రాముల లోపు. భారం మాత్రం ఇంకా నాలుగు రంధ్రాలకి పంచుకున్నట్టవుతుంది. 50 గ్రాములు ఎక్కువున్న 32 రంధ్రాల రిమ్ కన్నా నాకు ఇదే నచ్చుతుంది. అయితే హబ్ కూడా 36 రంధ్రాలదే ఉండాలి, అక్కడే చాలామందికి కుదరదు.

రంధ్రాలకి ఐలెట్లు (రంధ్రం అంచుకి తొడిగే లోహపు రింగులు) ఉండాలా వద్దా అన్నది పాత తగువు. పాత మావిక్ ఓపెన్ ప్రోలో ఉన్నట్టు ఐలెట్లు ఉంటే భారం కాస్త విస్తరిస్తుంది, బిగించేటప్పుడు నిపుల్ సాఫీగా తిరుగుతుంది. నా దాంట్లో లేవు. బదులుగా రంధ్రాల దగ్గర లోహాన్నే మందంగా వదిలారు. నాకు ఏ తేడా కనిపించలేదు.

వెడల్పు గురించి ఒక్క మాట. మీద రాసిన 622×19 లో 622 అంటే టైరు కూర్చునే చోట వ్యాసం, 700సీ టైర్లకి అదే కావాలి. 19 అంటే లోపలి వెడల్పు. 32 మి.మీ. టైరుకి ఇది చక్కగా సరిపోతుంది. గుంతల్లో రిమ్ అంచు సొట్టలు పడకుండా మొదట కాపాడేది టైరే. పాత సన్నటి రిమ్‌కి 25 టైరు ఉన్నప్పుడు ఎంత గాలి కొట్టినా భయంగానే ఉండేది.

నచ్చనివీ ఉన్నాయి. టైరు ఎక్కించడం చాలా కష్టం, కొత్త టైరైతే బొటనవేళ్లు ఎర్రబడతాయి. రిమ్ కొసలు కలిసే జాయింట్ దగ్గర బ్రేకు పట్టే గోడ నున్నగా లేదు, కొత్తలో బ్రేకు నొక్కితే చక్రం తిరిగిన ప్రతిసారీ టక్కుమనేది. అరిగే కొద్దీ పోయింది. వానలో నల్లటి మడ్డి కారడం మామూలే, అందులో బ్రేకు రబ్బరుతో పాటు అరుగుతున్న అల్యూమినియమూ ఉంటుంది. బ్రేకు రబ్బరులో మెరిసే లోహపు ముక్కలు ఇరుక్కుంటే సూదితో తీసేయాలి, లేదంటే అవి రిమ్‌ని గీరుతూ పోతాయి. గోడ మీద అరుగుదల చూపించే గాడి ఇంకా కనిపిస్తోంది. అది మాయమైతే రిమ్ పని అయిపోయినట్టే. అరిగిన గోడ టైరు గాలి ఒత్తిడికి పగిలే ప్రమాదం ఉంది.

చక్రం కట్టించేటప్పుడు రిమ్ ఏ వైపు తిరిగి ఉందో మీరే దగ్గరుండి చూసుకోండి. రంధ్రాలు గేర్లకి దూరంగా, ఎడమ వైపుకి ఉండాలి. తిరగేసి కడితే 18 కాస్తా 15 అవుతుంది, ఎడమ టెన్షన్ 40 శాతం కన్నా కిందకి పడిపోతుంది. మామూలు రిమ్ కన్నా అది అన్యాయం. స్పోకుల పొడవు కోసం కాగితం మీది ఈఆర్‌డీని (స్పోకు కొసలు ఆగే చోట రిమ్ వ్యాసం) నమ్మకుండా కొలుచుకోవడం మేలు. రెండు పాత స్పోకుల్ని, మర ఉన్న కొస నుంచి సరిగ్గా 200 మి.మీ. దగ్గర కోసి, ఎదురెదురు రంధ్రాల్లో పెట్టి, కొస నిపుల్ తలలోని గాడి అడుక్కి వచ్చేదాకా బిగించాలి. లాగి పట్టుకుని వాటి మధ్య ఖాళీని కొలిచి 400 కలిపితే అదే ఈఆర్‌డీ. కాగితం మీది అంకెకీ నాకు వచ్చిన దానికీ 2 మి.మీ. తేడా తేలింది.

గేర్లు లేని సైకిల్‌కి, హబ్ ఫ్లేంజ్‌లు రెండూ మధ్య గీతకి సమదూరంలో ఉంటే, ఈ రకం రిమ్ కొనకండి. అక్కడ మామూలు రిమ్మే సరైనది.