పర్లాకిమిడిలో ఆరేళ్లు బ్లెండర్‌తో: తెలుగు అక్షరం కదిలించి బతికేవాడి సమీక్ష

2019 జులై చివర్లో, త్రీడీ బొమ్మలు, యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్ బ్లెండర్ 2.80 వెర్షన్ వచ్చింది. ఆ మరుసటి నెలలోనే దించుకున్నాను. అప్పట్నుంచి ఇల్లు గడుస్తున్నది చాలావరకు దీని మీదే. నేనుండేది పర్లాకిమిడి, ఒడిశాలోని గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో రెండూ. సరిహద్దు దాటితే పాతపట్నం. అందుకే నా దగ్గరికొచ్చే పనిలో సగం రెండు భాషల్లోనూ కావాలంటారు. కొట్ల పేర్లు కదిలించడం, పెళ్లి పిలుపు వీడియోలు, యూట్యూబ్ ఛానళ్ల టైటిళ్లు, కాలేజీ అడ్మిషన్ల ప్రకటనలు, ఇవీ నా పనులు.

బ్లెండర్ త్రీడీ గొప్పదనం గురించి చాలామంది రాశారు. దీంతో తీసిన లాత్వియా సినిమాకి 2025లో ఆస్కార్ కూడా వచ్చింది. తెలుగు అక్షరం పెట్టుకుని రోజూ పనిచేసేవాడికి ఇది ఎలా ఉంటుందో మాత్రం నేను మొదలుపెట్టినప్పుడు ఎక్కడా దొరకలేదు. అది చెబుదామనే ఇది రాస్తున్నా.

ముందు డబ్బు సంగతి. ఇది పూర్తిగా ఉచితం, సంపాదన కోసం వాడుకున్నా ఉచితమే. 2002లో దీన్ని నడిపిన కంపెనీ మూతపడితే, వాడేవాళ్లే ఏడు వారాల్లో లక్ష యూరోలు పోగుచేసి కోడ్‌ని విడిపించుకున్నారు. మనలాంటి వాళ్లకి దాని విలువ ఆషాఢంలో తెలుస్తుంది. ముహూర్తాలుండవు, పెళ్లి వీడియోలుండవు. మూఢం వస్తే మరో రెండు నెలలు ఖాళీ. అలాంటి నెలల్లో సాఫ్ట్‌వేర్ అద్దె కట్టాల్సి వస్తే నేను మొదటి ఏడే ఈ పని మానేసి ఏ మొబైల్ కొట్లోనో చేరిపోయేవాణ్ని. ఇది మనసులోంచి చెబుతున్న మాట.

నేర్చుకోవడం కష్టమేనా అంటే, మొదటి మూడు నెలలు కష్టమే. 2.80కి ముందు పాఠాలన్నీ కుడి క్లిక్‌తో ఎంచుకోవడం చెబుతాయి, 2.80 నుంచి ఎడమ క్లిక్. ఏ పాఠం ఏ వెర్షన్‌దో చూసుకోకపోతే బుర్ర తిరుగుతుంది. అందరూ త్రీడీలో డోనట్ బొమ్మ చేస్తూ నేర్చుకుంటారు. నేను గారె బొమ్మ చేశాను. చిల్లు ఒకటే గాని పైన గరుకు, అంచున ఎర్రగా వేగిన రంగు తేవడానికి పదకొండు రోజులు పట్టింది. మెటీరియల్స్, అంటే వస్తువు పైపొరకి రంగు, గరుకు, మెరుపు ఇవ్వడం, ఏమిటో ఆ గారెతోనే తెలిసింది.

ఇక అసలు విషయం, అక్షరాలు.

మొదటి ఏడాది పాతపట్నంలో ఒక బట్టల కొట్టు పని వచ్చింది. కొట్టు పేరు చివర 'వస్త్రాలయం' అని ఉంటుంది. బ్లెండర్‌లో అక్షరాలు టైపు చేసే టెక్స్ట్ ఆబ్జెక్టులో తెలుగు ఫాంటు పెట్టి టైపు చేశాను, మందం ఇచ్చాను, బంగారు రంగు వేశాను, తిప్పాను. రాత్రి ఒంటిగంటకి పంపి పడుకున్నా. పొద్దున్నే ఫోను: "బాబూ, నా కొట్టు పేరు ఇరిగిపోనాదేటి? మా మనవరాలు సూసి నవ్వుతోంది." మళ్లీ చూస్తే నిజమే. స కింద చేరాల్సిన తవత్తు, క్రారవడి రెండూ విడిపోయి, పొల్లులతో సహా వరసగా నిలబడ్డాయి. అర్ధరాత్రి దాకా ఆ పేరునే చూసి చూసి నా కంటికి అది ఆనలేదు. "మావయ్యా, సాయంత్రానికి సరిచేసి ఇస్తాను" అన్నానే గాని ఎలా సరిచేయాలో అప్పటికి నాకు తెలీదు.

కారణం ఇది. మన కంటికి వ, స్త్రా, ల, యం అని నాలుగు అక్షరాలు. కంప్యూటర్ దాచుకునేది పది సంకేతాలు: వ, స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘం, ల, య, సున్న. ఆ పదింటినీ నాలుగుగా కూర్చే పని ఇంకో పొర చేయాలి. బ్రౌజర్లో, ఫోన్లో ఆ పొర ఉంటుంది. నేను వాడుతున్న 4.2 దాకా బ్లెండర్ టెక్స్ట్ ఆబ్జెక్టులో లేదు. ఇంగ్లీషు అక్షరాలకి దాని అవసరం పెద్దగా లేదు కాబట్టి ఇంగ్లీషు పాఠాల్లో ఈ మాటే రాదు. ఒడియాకీ ఇదే అవస్థ.

దారి ఉంది, అదీ ఉచితమే. ఇంక్‌స్కేప్ అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లో పేరు టైపు చేయాలి, అక్కడ వత్తులు చక్కగా కుదురుతాయి. తర్వాత 'ఆబ్జెక్ట్ టు పాత్' నొక్కితే అక్షరాలు గీతలైపోతాయి, ఇక విరగవు. ఎస్‌వీజీగా, అంటే గీతల బొమ్మ ఫైలుగా దాచి బ్లెండర్‌లోకి తెచ్చుకోవాలి. వచ్చాక చీమంత కనబడుతుంది, కంగారుపడొద్దు, పెద్దది చేసుకోవడమే. ఒక జాగ్రత్త: గీతలుగా మారిస్తే పేరులో అక్షరం తప్పు దిద్దడానికి ఉండదు. అందుకే యజమాని చేత పేరు కాగితం మీద రాయించుకుని, ఫోటో తీసుకుని, అప్పుడే మారుస్తాను.

ఈ తిప్పలోనే నాకు బతుకుదెరువు దొరికిందని చెప్పాలి. గీతలుగా మార్చాక అక్షరం ఒక ముక్క, దాని కింద వత్తు ఇంకో ముక్కగా చేతికొస్తాయి. 'స్త్రా'లో ముందు సా దిగుతుంది, నాలుగు ఫ్రేములు (వీడియోలో ఒక్కో బొమ్మ ఒక ఫ్రేము) ఆగి తవత్తు కిందకి జారి కూర్చుంటుంది, మరో మూడు ఫ్రేములకి క్రారవడి కిందనుంచి చుట్టుకుంటుంది. మనం పలకమీద రాసే వరసే అది. ఇంగ్లీషుకి తయారైన టెంప్లేట్లలో పదాన్ని సంకేతాల లెక్కన విడదీస్తారు. అక్కడ తెలుగు పెడితే మధ్యలో ఒక క్షణం 'వస్' అని పొల్లు తేలుతుంది. చూసేవాడికి ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది గాని ఏమిటో చెప్పలేడు. నేను అక్షరం లెక్కన కదిలిస్తాను. విశాఖ నుంచి, భువనేశ్వర్ నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లందరూ దీనికోసమే వచ్చారు. త్రీడీ బాగా చేసేవాళ్లు హైదరాబాద్‌లో వీధికొకరు ఉన్నారు.

ఫాంట్ల గురించి ఒక్క మాట. రెండు భాషల పేర్లు పక్కపక్కన పెట్టాలంటే ఒకే చేతిరాతలా ఉండాలి. బలూ కుటుంబంలో ఒడియాకి 'బలూ భాయినా', తెలుగుకి 'బలూ తమ్ముడు' ఉన్నాయి. భాయినా అంటే ఒడియాలో అన్న. అన్నదమ్ముల్లాగే ఉంటాయి, మందం, వంపు కలుస్తాయి. లైసెన్సు కూడా స్వేచ్ఛగా వాడుకునేదే. పర్లాకిమిడి బళ్లో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం కదా, ఏటా ఆ రోజుకి ఈ రెండు ఫాంట్లతో చిన్న ముక్క చేసి ఊళ్లోవాళ్లకి పంపుతాను. దానికి డబ్బు తీసుకోను.

రెండో దెబ్బ రెండరింగ్‌లో, అంటే కూర్చిన దృశ్యాన్ని ఒక్కో బొమ్మగా తీయించడంలో తగిలింది. ముప్పై సెకన్ల వీడియో, సెకనుకి 25 ఫ్రేములు, అంటే 750 బొమ్మలు. బ్లెండర్‌లో మెల్లగా, నిజంలాంటి వెలుతురుతో తీసే సైకిల్స్ పద్ధతిలో ఒక్కో బొమ్మకి నా పాత గ్రాఫిక్స్ కార్డు మీద రెండు నిమిషాలు. మొత్తం 25 గంటలు. మొదటిసారి తెలియక నేరుగా ఎంపీ4గా రాయమని పెట్టాను. వైశాఖ మాసం గాలివాన, ఆరువందల ఫ్రేములు దాటాక కరెంటు పోయింది. ఎంపీ4 ఫైలు ఆఖర్న రాసుకోవాల్సిన పట్టిక రాసుకోకుండానే ఆగిపోయింది, ఫైలు తెరుచుకోలేదు. ఇరవై గంటల పని పోయింది. మర్నాడు పెళ్లివారు ఎదురుచూస్తున్నారు. వేగంగా తీసే ఈవీ పద్ధతిలోకి మార్చి, వెలుతురు కొంచెం తగ్గినా సరేనని, తెల్లారేలోగా పూర్తిచేశాను. పెళ్లికూతురి తండ్రి ఏమీ అనలేదు గాని నాకు మాత్రం ఆ వీడియో ఇప్పటికీ చూడబుద్ధి కాదు.

అప్పట్నుంచి ఎప్పుడూ విడివిడి పీఎన్‌జీ బొమ్మలుగానే తీస్తాను. అవుట్‌పుట్‌లో 'ఓవర్‌రైట్' టిక్కు తీసేసి, 'ప్లేస్‌హోల్డర్స్' టిక్కు పెడతాను. అప్పుడు ఒక్కో బొమ్మ మొదలుపెట్టగానే దాని పేరుతో ఖాళీ ఫైలు వేస్తుంది, ఉన్న ఫైళ్ల జోలికి పోదు. కరెంటు పోతే ఆ సమయానికి నడుస్తున్న ఒక్క బొమ్మే పోతుంది. ఆ ఖాళీ ఫైలు చెరిపి మళ్లీ నొక్కితే మిగతావి మాత్రమే తీస్తుంది. చివర్లో బ్లెండర్‌లోనే ఉన్న వీడియో ఎడిటర్లో వేసి ఎంపీ4 చేసుకుంటే నిమిషాల పని. యూపీఎస్ తప్పనిసరి. పది నిమిషాలు నడిపేది చాలు, ఫైలు దాచుకుని మూసేయడానికి.

చేత్తో గీసే బొమ్మలకి బ్లెండర్‌లోనే ఉన్న గ్రీజ్ పెన్సిల్ బాగుంటుంది. సన్నాయివాళ్లు, పల్లకీ, అరటి బోదెలు, ఇవన్నీ దాంతోనే గీస్తాను. మాటలు, పాట కూర్చడానికి మాత్రం బ్లెండర్ వద్దు, డావిన్చీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్లో చేసుకోండి.

ఫ్రీలాన్సింగ్ సంగతి కూడా అడుగుతుంటారు. మొదటి పనికి నాకొచ్చింది పదిహేను వందలు. మూడో ఏట ఒక ఏజెన్సీకి నాలుగు నెలలు వరసగా చేశాను. అడిగినప్పుడల్లా, ఎవరైనా మార్చుకోడానికి వీలున్న అసలు బ్లెండ్ ఫైళ్లతో సహా ఇచ్చేశాను. తర్వాత ఫోనెత్తడం మానేశారు. నా ఫైళ్లతోనే వేరేవాళ్ల చేత రంగులు మార్పించి వాడుకున్నారు. ఆ నాలుగు నెలలూ నాన్న పింఛనుతో ఇల్లు గడిచింది. ఇప్పుడు సగం ముందు తీసుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చోను. దిద్దుబాట్లు రెండుసార్లు. చూడ్డానికి పంపేది చిన్న సైజులో, మీద నా పేరుతో. బ్లెండ్ ఫైలు కావాలంటే దాని ధర వేరు. మొహమాటపడి ఈ నాలుగు మాటలు ముందే చెప్పకపోతే చుట్టాల పెళ్లి వీడియో కూడా చుట్టరికం చెడగొడుతుంది. కంపెనీలు ఇచ్చేటప్పుడు టీడీఎస్, అంటే ముందే పట్టుకునే ఆదాయపన్ను, కోసుకుంటాయి, అది పోయిన డబ్బు కాదు. మీ పాన్ మీద జమ అయిందో లేదో ఆదాయపన్ను శాఖ వెబ్‌సైట్‌లో చూసుకుని రిటర్న్ వేయండి. నేను రెండేళ్లు చూసుకోలేదు.

వెర్షన్ల విషయంలో నా పద్ధతి ఒకటే. ఎల్‌టీఎస్ అని ఉన్నవే వాడతాను, వాటికి రెండేళ్లు మరమ్మతులు వస్తాయి. 4.3లో గ్రీజ్ పెన్సిల్‌ని లోపల్నుంచి తిరగరాశారు. 4.5 ఎల్‌టీఎస్ పక్క ఫోల్డర్లో దించి పెట్టుకున్నా, దాన్లో నా సన్నాయివాళ్ల ఫైలు తెరిచి ఒక్కో గీతా సరిపోల్చుకోవాలి. చేతిలో మూడు పెళ్లి పిలుపులున్నాయి. అవి ఇచ్చేశాకే ఆ పని.