కోఠీలో సబ్ ఊఫర్‌కి "200 వాట్ల" బుల్లి యాంప్ కొనబోతున్నారా? ఒక్క నిమిషం ఆగండి

హైదరాబాద్ కోఠీలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి వెళ్లే అలవాటున్న వాళ్లకి, నేను ఈ యాంప్లిఫయర్ కొన్న షాపు ఏ రకమో చెప్పక్కర్లేదు. పేరు రాయను, రాస్తే అదో తలనొప్పి. అయినా పేరుతో పనేముంది, ఆ సరుకు అక్కడ ఇంకెన్ని షాపుల్లో ఉందో! అరచేతిలో పట్టే నల్ల అల్యూమినియం డబ్బా, ముందు ఒక పెద్ద నాబ్, పక్కన ఇంకో చిన్న నాబ్, నీలం లైటు. మీద "200W MONO SUB" అనే అర్థం వచ్చేలా తాటికాయంత అక్షరాలు. అదీ సంగతి.

కథ చెప్పేస్తాను. పాత 5.1 హోమ్ థియేటర్లో ప్లేయర్ చచ్చిపోయింది, స్పీకర్లు మిగిలాయి. సబ్ ఊఫర్ బాక్సు మాత్రం బంగారం, చెక్కు చెదరలేదు. అది పాసివ్ బాక్సు, అంటే లోపల యాంప్ ఉండదు, వెనక రెండు వైర్లు పెట్టే క్లిప్పులు, 4 ఓమ్స్ అని చిన్న స్టిక్కర్, అంతే. ఈ మధ్య ఏవీఆర్, అంటే సినిమా శబ్దాన్ని స్పీకర్లకి పంచే రిసీవర్, కొన్నాను. ఏవీఆర్‌లో సబ్‌కి ఇచ్చేది ప్రీ అవుట్ ఒక్కటే. అది ఉత్త సిగ్నలే, దానికి పాసివ్ ఊఫర్ తగిలిస్తే కదలను కూడా కదలదు. మధ్యలో ఒక మోనో యాంప్ ఉండాల్సిందే. టీవీ యూనిట్‌లో పట్టేంత చిన్నది కావాలి. ఇదే చెప్పాను ఆ మహానుభావుడికి.

"సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి. 3116 ఒరిజినల్ చిప్. రెండొందల వాట్లు, గోడలు అదురుతాయ్" అన్నాడు. 2,800 రూపాయలు, అడాప్టర్‌తో కలిపి. బిల్లు అడిగితే పసుపు రంగు చీటీ మీద తన చేత్తోనే రాసిచ్చాడు. "వారంటీ ఆరు నెలలు సార్, ఏమున్నా నా దగ్గరికే రండి, నేనెక్కడికీ పోను." నిజమే, ఆయనెక్కడికీ పోలేదు. పోయింది నా ఊఫరే.

డిగ్రీలో ఎలక్ట్రానిక్స్ చదివిన ఘనుణ్ణి, అడాప్టర్ మీద ఉన్న లెక్క కూడా ఇంటికొచ్చాకే చూశాను. 24 వోల్టులు, 4 ఆంపియర్లు. గుణిస్తే 96 వాట్లు. లోపలికి 96 పోతే బయటికి 200 వస్తున్నాయట! ఈ టెక్నాలజీ కరెంటు ఆఫీసు వాళ్లకి ఎవరైనా చెబితే బాగుండు, ఎండాకాలం కోతలుండవు.

సరే, క్లాస్ డి యాంప్ కదా, వృథా తక్కువ, ఎనభై వచ్చినా నా గదికి చాలు అనుకున్నాను. మొదట్లో బాగానే ఉంది కూడా. తక్కువ వాల్యూమ్‌లో మెత్తగా, హాయిగా మోగింది. నాబ్ సగం దాటిందంటే మాత్రం బాస్ అణిగిపోయి, అట్టపెట్టె మీద చేత్తో కొట్టినట్టు "డబ్ డబ్" మంటోంది. అనుమానమొచ్చి మల్టీమీటర్ పెట్టాను. ఊరికే ఉన్నప్పుడు 24 చూపిస్తోంది. బాస్ రాగానే 15, 16కి జారిపోతోంది. ఇలాంటి యాంపులు స్పీకర్‌ని బ్రిడ్జిలో, అంటే దాని రెండు వైర్లనీ తామే తోస్తూ, నడుపుతాయి కాబట్టి సప్లై వోల్టేజీని 1.414తో భాగించి, వచ్చినదాన్ని వర్గం చేసి, ఓమ్స్‌తో భాగిస్తే శుభ్రంగా వచ్చే వాట్లు ఎన్నో తెలిసిపోతుంది. 24 వోల్టులు నిలబడితే 4 ఓమ్స్‌కి 72. జారి 16 అయితే 32. నా రెండొందల వాట్లు అక్కడికి దిగాయి.

దీన్నయినా భరించేవాణ్ణి. శనివారం రాత్రి సినిమా మధ్యలో "టప్" అని ఒక చప్పుడు. చూస్తే ఊఫర్ కోన్ ముందుకు ఉబ్బుకొచ్చి అలాగే ఆగిపోయింది. అదరడం లేదు, వెనక్కి రావడం లేదు. పరిగెత్తుకెళ్లి ప్లగ్ పీకేలోపే కాలిన వార్నిష్ వాసన గది నిండిపోయింది. కోన్ అలా ఒకవైపుకే నిలబడిపోయిందంటే స్పీకర్‌కి పాట కాదు, డీసీ, అంటే ఒకే దిశలో పారే కరెంటు, పోతోందన్నమాట. కాయిల్‌ని మీటర్‌తో చూశాను. 4 ఓమ్స్ ఊఫర్‌కి మీటర్లో మూడుకి కాస్త పైన చూపించాలి. ఏమీ లేదు, ఓపెన్, అంటే కాయిల్ తెగిపోయింది. పన్నెండేళ్లుగా ఇంట్లో ఉన్న బాక్సు, ఒక్క చప్పుడుతో పోయింది.

ఇక ఆ డబ్బా విప్పాను. అసలు చూడాల్సింది అప్పుడు చూశాను. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల టీపీఏ3116కి నెత్తిన లోహపు ప్యాడ్ ఉంటుంది. వేడంతా దాని గుండా పైకి పోవాలి, అందుకే వేడిని లాగేసే లోహపు ముక్క, హీట్‌సింక్, దానికి అతుక్కుని ఉండాలి. ఇందులో హీట్‌సింక్‌ని రెండువైపులా అంటుకునే ఫోమ్ టేపుతో అతికించారు. గోడకి కొక్కేలు అంటించుకుంటామే, ఆ టేపు! అది పీకితే కింద చిప్ మీద ప్యాడే లేదు. మొత్తం నల్ల ప్లాస్టిక్, పేరున్న చోట ఏదో పెట్టి గీకేసిన గరుకు. అసలు 3116లో డీసీ బయటికి పోతే పసిగట్టి ఆపేసే రక్షణ లోపలే ఉంటుంది. వేడెక్కితే ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, షార్టయినా ఆగుతుంది. ఇదేం చిప్పో గీకినవాడికి తెలియాలి. అది కూడా కాదు, ఒరిజినల్ 3116 పెట్టినా ఒక్క చిప్‌తో 200 వాట్లు రావు. కంపెనీ వాళ్లే మోనోలో 100 వాట్లని రాసుకున్నారు, అదీ 2 ఓమ్స్‌కి. ఆ మాట వాళ్ల డేటాషీట్ మొదటి పేజీలోనే ఉంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. నాకు ఒళ్లు మండింది దీనికి కాదు.

డబ్బా, అడాప్టర్, పసుపు చీటీ పట్టుకుని షాపుకెళ్లాను. కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు, ఆయన ముందు ఇదే డబ్బా, ఇదే నీలం లైటు. "ఒరిజినల్ చిప్ సార్, కళ్లు మూసుకుని తీసుకెళ్లండి" అంటున్నాడు. అక్షరం మార్చలేదు. నేను నా డబ్బా పక్కన పెట్టి, "భయ్యా, ఇది కాలిపోయింది, నా ఊఫర్‌ని కూడా తీసుకుపోయింది" అన్నాను. ముందు నా ముఖం చూడలేదు, స్క్రూలు చూశాడు. "విప్పారు కదా, వారంటీ పోయింది." విప్పకూడదని ఎక్కడా సీలు లేదే అంటే, "మీ బాక్సు పాతదయ్యుంటుంది, పాటలు గట్టిగా పెట్టుంటారు. రెండువేల ఎనిమిది వందలకి ఐమాక్స్ ఇంటికి రావాలంటే ఎట్లా సార్?" అని నవ్వాడు. పక్కన పని చేసే కుర్రాడు కూడా నవ్వాడు.

సరే, ఊఫర్ సంగతి వదిలెయ్, యాంప్ డబ్బులివ్వు అని చీటీ ముందు పెట్టాను. దాన్ని తీసుకుని తిరగేశాడు, మళ్లీ తిరగేశాడు. "దీని మీద మా షాపు పేరు ఎక్కడుంది? ఎవరు రాశారో ఏమో!" అన్నాడు.

తన చేతిరాత. అదే పెన్ను ఇంకా జేబులో ఉంది. నా కళ్లలోకి చూస్తూ అన్నాడు ఆ మాట. చీటీ చూస్తే నిజంగానే పైన "ఎస్టిమేట్" అని మాత్రమే అచ్చు ఉంది. షాపు పేరు లేదు, జీఎస్టీ నంబర్ లేదు, సంతకం లేదు. ఆరు నెలల వారంటీ అన్నది నోటి మాటే. ముందే అన్నీ చూసుకుని రాసే చీటీ అది. నాకొక్కడికే అలా రాసి ఉంటాడని నేననుకోను.

గొంతు పెంచాను, ఒప్పుకుంటాను. "గిరాకీ టైమ్‌లో గొడవ చేయకండి, బయట మాట్లాడుకుందాం" అన్నాడు. బయటికి రాలేదు. ఆ పెద్దాయన మాత్రం నా డబ్బా చేతిలోకి తీసుకుని, ఆ గీకిన చిప్‌ని కళ్లజోడు పైకెత్తి మరీ చూసి, ఏమీ మాట్లాడకుండా తన పర్సు జేబులో పెట్టేసుకున్నారు. ఆయనకైనా 2,800 మిగిలాయి.

నేను యూపీఐలో కట్టాను. డబ్బు వెళ్లింది షాపు ఖాతాకి కాదు, ఎవరో మనిషి పేరుకి, అయినా తేదీ, మొత్తం ఉన్నాయి. దాంతో 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు పెట్టాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో బిల్లు ఇవ్వకపోవడం ఒక తప్పు, లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం ఇంకో తప్పు. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ లోపు, రాయకపోతే 30 రోజుల్లోపు తీసుకోవాలి. కాబట్టి "అమ్మిన సరుకు వాపసు లేదు" అని గోడ మీద బోర్డు చూపిస్తే నమ్మకండి.

కొనేవాళ్లకి నాలుగు మాటలు, తొందర్లో రాస్తున్నాను. డబ్బా మీద వాట్లు చూడొద్దు, అడాప్టర్ మీద వోల్టులు, ఆంపియర్లు గుణించుకోండి. పీఎంపీఓ, అంటే వాట్లని ఉబ్బించి చెప్పే అంకె, అన్నాడంటే అక్కణ్ణుంచి వచ్చేయండి. అడాప్టర్ మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ఆర్‌తో మొదలయ్యే నంబర్ ఉండాలి, బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వచ్చేస్తుంది. నాదాని మీద ఏ నంబరూ లేదు. నిజంగా వందకి పైన వాట్లు కావాలంటే టీపీఏ3255 లాంటి చిప్, దానికి 36 లేదా 48 వోల్టుల మంచి సప్లై చూసుకోవాలి, ఆ రెండూ ఈ ధరకి రావు. బ్రిడ్జిలో నడిచే యాంప్‌కి స్పీకర్ మైనస్ వైరు తీసుకెళ్లి గ్రౌండ్‌కి కలపొద్దు, ఆ రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. ఏవీఆర్‌లో క్రాసోవర్ (సబ్‌కి ఎక్కడిదాకా శబ్దం పంపాలో చెప్పే హద్దు) 80 హెర్ట్జ్ పెట్టుకున్నవాళ్లు యాంప్ మీద ఫ్రీక్వెన్సీ నాబ్‌ని పూర్తిగా ఎక్కువ వైపుకి తిప్పేయండి, రెండు ఫిల్టర్లు పడితే బాస్ చచ్చిపోతుంది. ఇక బిల్లు. షాపు పేరున్న బిల్లు చేతికొచ్చాకే ఫోన్ తీసి స్కాన్ చేయండి.

హైదరాబాద్‌లో 4 ఓమ్స్ ఊఫర్‌కి కాయిల్ మార్చి కోన్ బిగించేవాళ్లు నమ్మకస్తులు ఎవరైనా తెలిస్తే చెప్పండి. కూకట్‌పల్లి వైపైతే మరీ మంచిది. ఆ గల్లీ తప్ప ఎక్కడైనా పర్లేదు.