వాణిజ్య వార్తల డెస్కులో డేటార్యాపర్: ఒక సమీక్ష

హైదరాబాద్‌లో తెలుగు వాణిజ్య వార్తలకు గ్రాఫులు, పటాలు తయారుచేసే మాలాంటి వాళ్లకు ఎప్పుడూ చాలనిది సమయమే. రిజర్వు బ్యాంకు గవర్నర్ ఉదయం పది గంటలకు రెపో రేటు (బ్యాంకులకు ఇచ్చే అప్పుపై రిజర్వు బ్యాంకు తీసుకునే వడ్డీ) ప్రకటిస్తే, కొద్ది నిమిషాల్లోనే వార్తతో పాటు గ్రాఫు కూడా వెబ్‌సైట్‌లోకి ఎక్కాలి. కొల్లూరులోనో తెల్లాపూర్‌లోనో ఫ్లాటు కొనుక్కుని, ఈఎంఐ ఎంత తగ్గుతుందోనని ఎదురుచూస్తున్న పాఠకుడి కళ్లు ముందుగా పడేది ఆ గ్రాఫు మీదే. ఈ ఒత్తిడిలో నేను రోజూ వాడే సాధనం డేటార్యాపర్. ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారి కోసం దాని గుణదోషాలను వివరంగా రాస్తున్నాను.

జర్నలిస్టులను దృష్టిలో పెట్టుకుని 2012లో జర్మనీలో ఇది మొదలైంది. బ్రౌజర్‌లోనే పనిచేస్తుంది, కోడింగ్ రానక్కరలేదు. ఎక్సెల్ పట్టికను అతికించి, అంకెలు సరిచూసుకుని, గ్రాఫు రకం ఎంచుకుని ప్రచురించడమే. ఉచిత ఖాతాలోనే ఎన్ని గ్రాఫులైనా చేసుకోవచ్చు. వాటి అడుగున డేటార్యాపర్ పేరు మాత్రం కనిపిస్తుంది.

దీని విలువ తెలియాలంటే రెపో రేటు గ్రాఫునే చూడాలి. 2020 మే నుంచి 4 శాతం దగ్గర ఆగి ఉన్న రేటును రిజర్వు బ్యాంకు 2022 మే 4న, ముందే ప్రకటించిన సమావేశాల తేదీలతో నిమిత్తం లేకుండా, 4.40కి పెంచింది. అక్కడి నుంచి 2023 ఫిబ్రవరి నాటికి 6.50కి చేర్చి, రెండేళ్లు అక్కడే ఉంచి, 2025లో ఫిబ్రవరిలో 6.25కు, ఏప్రిల్‌లో 6కు, జూన్‌లో 5.50కి, డిసెంబరులో 5.25కు తగ్గించింది. ఈ బిందువులను మామూలు గీతతో కలిపితే జూన్ నుంచి డిసెంబరు దాకా రేటు రోజురోజుకూ కొంచెం కొంచెం తగ్గినట్టు కనిపిస్తుంది, అది అబద్ధం. డేటార్యాపర్‌లో గీతను మెట్లుగా మార్చే ఎంపిక ఉంది. అది ఎంచుకోగానే ప్రకటన వెలువడిన రోజునే రేటు దిగినట్టు, 2025లోని జూన్ మెట్టు మిగిలిన మూడింటిలో ఒక్కోదానికీ రెట్టింపు ఉన్నట్టు చదువరికి చెప్పకుండానే అర్థమవుతుంది. ఆ మెట్టు పక్కనే చిన్న వ్యాఖ్య కూడా రాసుకోవచ్చు. గీయడానికి పట్టే శ్రమ ఇలా తగ్గడం వల్లే, ఆ గీత నిజం చెబుతోందా లేదా అని ఆలోచించే తీరిక దొరుకుతోంది. నా దృష్టిలో ఈ సాధనం చేసే అసలు మేలు ఇదే.

లక్షలు, కోట్ల సంగతి మాత్రం మనమే చూసుకోవాలి. 2025-26 కేంద్ర బడ్జెట్‌లో మొత్తం వ్యయం అంచనా రూ.50,65,345 కోట్లు. ఈ అంకెను యథాతథంగా అతికించేకన్నా, పట్టికలోనే లక్షతో భాగించి 50.65గా మార్చి, శీర్షికలో ‘లక్షల కోట్ల రూపాయల్లో’ అని రాయడం మేలు. ఫోను తెరమీద అన్ని అంకెలను ఎవరూ ఓపిగ్గా చదవరు. తెలుగు పేర్లు పొడవు కాబట్టి ఫోను ప్రివ్యూ చూడకుండా ఏ గ్రాఫునూ ప్రచురించవద్దని నా మనవి.

వర్ణాంధత ఉన్నవారికి గ్రాఫు ఎలా కనిపిస్తుందో ముందే చూపించే సౌకర్యం నాకెంతో నచ్చింది. పెరిగిన షేర్లకు ఆకుపచ్చ, పడిన షేర్లకు ఎరుపు వాడటం మార్కెట్ వార్తల్లో అలవాటైపోయింది, కానీ ఆ రెండు రంగుల మధ్య తేడా తెలియని పాఠకులు ఉన్నారు. వారికి ఆ గ్రాఫు వల్ల ప్రయోజనం లేదు. నీలం, నారింజ రంగులు వాడితే ఆ ఇబ్బంది ఉండదు.

పటాల విషయంలో జాగ్రత్త అవసరం. 2019లో ములుగు, నారాయణపేట ఏర్పడ్డాక తెలంగాణలో జిల్లాలు 33 అయ్యాయి. ఎంచుకున్న పటంలో అన్నీ ఉన్నాయో లేదో లెక్కపెట్టుకోవాలి, లేకపోతే సొంత పటాన్ని ఎక్కించుకోవచ్చు. దేశ సరిహద్దులను సర్వే ఆఫ్ ఇండియా పటంతో పోల్చి చూడకుండా ప్రచురించకూడదు.

అచ్చు పత్రికకు పనిచేసేవారు ఇంకొకటి గమనించాలి. ఉచిత ఖాతాలో గ్రాఫు పీఎన్‌జీ చిత్రంగానే దిగుతుంది. ఎంత పెద్దది చేసినా చెదరని ఎస్‌వీజీ, పీడీఎఫ్ కావాలంటే డబ్బు కట్టాలి. వెబ్‌సైటుకే పరిమితమైన డెస్కుకు ఉచిత ఖాతా చక్కగా సరిపోతుంది. బిజినెస్ పేజీ కూడా పెట్టేవారు డేటార్యాపర్‌లో గ్రాఫు రూపాన్ని ఖరారు చేసుకుని, అచ్చుకు వెళ్లేదాన్ని బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో విడిగా గీయించుకోవడమే మంచిది.